నీళ్ల రాత

సెప్టెంబర్ 3
ఈ నోట్‌బుక్ కాంతం కొనిచ్చింది. నా భార్య. ముసలితనంలో నాకు అక్షరాలు నేర్పిందీ ఆమే. రోజుకి నాలుగు లైన్లు రాస్తే చెయ్యి తిరుగుతుందంది.
ప్లెయిన్స్‌బరోలో మా అబ్బాయి ఫణి అపార్ట్‌మెంట్ ముందు ఒక చైనా ముసలాయన పెద్ద కుంచెను బకెట్‌లో ముంచి సైడ్‌వాక్ తుడుస్తున్నాడు. క్లీనింగ్ మనిషి అనుకున్నాను. బెంచీ కింద కాఫీ మరక చూపించి అదీ తుడవమని సైగ చేశాను. తుడిచాడు.

సెప్టెంబర్ 4
తల కొట్టేసినట్టయింది. ఆయన తుడవడం లేదు, రాస్తున్నాడట. నీళ్లతో, వాళ్ల అక్షరాలు. రిటైరైన హెడ్‌మాస్టరట. పేరు చెన్. మా మనవరాలు ఆద్య ఆయన మనవరాలితో ఇంగ్లీషులో మాట్లాడి చెప్పింది. నిన్న కోపం రాలేదా అని అడిగించాను. ముందు మరక ఉందో లేదో చూశాడట. ఉంది, తుడిచాడట.
నేనైతే బకెట్ నెత్తిన బోర్లించేవాణ్ణి.

సెప్టెంబర్ 9, సాయంత్రం 5
చెన్‌గారు రోజూ పొద్దు వాలేలోగా, ఇవాళ ఎవరికి అన్యాయం చేశానని తనను తానే అడుగుతాడట. వాళ్ల పెద్దలు నేర్పిన అలవాటట. మనిషి బతికినన్నాళ్లూ తనను తాను దిద్దుకోవాలట. ఎనభై ఒకటో ఏట ఇంకేం దిద్దుకుంటావని అడగమన్నాను. అందుకే తొందర అన్నాడట.
ఇవాళ నా తప్పులు: లేవు.

సెప్టెంబర్ 10
లేవు.

సెప్టెంబర్ 14
సరే, రాస్తాను.
ఆగస్టులో ఫణి స్నేహితులు పదిమంది భోజనానికి వచ్చారు. ఒకాయన పెళ్లికార్డు నా చేతికిచ్చి చదవమన్నాడు. అంతమంది చూస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. కాంతం నా మొహం చూసి కార్డు లాక్కుంది. ఈయన కళ్లజోడు మర్చిపోయారంటూ తనే చదివేసింది. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. ఎవరో నవ్వారు. ఏడో క్లాసు చదువుకే ఇంత ఎగురుతావా, నోర్మూసుకో అని అందరి ముందూ అరిచాను.
కాపాడబోయినదాని మీద.
మర్నాడు కాంతం మా అమ్మాయి స్పందన కార్‌లో వాళ్లుండే షాంటిలీ వెళ్లిపోయింది. అక్కడ స్పందన పిల్లను చూసుకోవాలని అందరికీ చెప్పింది. ఆమె ఫోన్ చేస్తే నిద్రపోతున్నానని చెప్పిస్తున్నాను. పట్టపగలు.
నా మందుల డబ్బా మీద ఆమె చేత్తో 'పొద్దున', 'రాత్రి' అని రాసిపెట్టి వెళ్లింది. మందు వేసుకున్నాక కూడా ఆ రెండు మాటలూ చదువుకుంటున్నాను.

సెప్టెంబర్ 22
చెన్‌గారి కుంచె అడిగి తీసుకున్నాను. సైడ్‌వాక్ మీద లక్ష్మీకాంతం అని పూర్తి పేరు రాశాను. చివరి సున్న చుట్టేసరికి మొదటి అక్షరం ఆరిపోయింది. మళ్లీ రాశాను.
ఫోటో తీసి నానమ్మకి పంపుతానంది ఆద్య. వద్దన్నాను. నోటితో చేసిన తప్పు, నోటితోనే దిద్దుకోవాలి.

సెప్టెంబర్ 23, ఉదయం 11
ఫోన్ చేశాను. తప్పు నాదే అన్నాను. కాంతం అంది: అరిచింది పదిమందిలో, ఒప్పుకునేది చెవిలోనా అని. పెట్టేసింది.
ఎంత పొగరు!

సెప్టెంబర్ 27
చెన్‌గారికి చెప్పించాను. పడీపడీ నవ్వాడు. ముప్పై ఏళ్లు బడి నడిపినా అంత మంచి టీచర్‌ని చూడలేదన్నాడట.
ఫణితో ఆ పదిమందినీ మళ్లీ పిలవమన్నాను. ఎందుకో చెప్పలేదు.

సెప్టెంబర్ 29, ఆదివారం
అందరూ వచ్చారు. ఆద్య నానమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అవతల గాజుల చప్పుడు.
కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాను.