అందరూ యెస్సే అన్నారు

మే 9
పక్కింటి వాల్టర్ గారు మళ్లీ వచ్చారు. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి. మా సరస్సు ఒడ్డున ఫైర్ సర్వీస్ లేదు. పెట్టుకోవాలంటే ఇంటి పన్ను పెరుగుతుంది, పెంచాలో వద్దో మేమే ఓటేసి తేల్చాలి. "యెస్ వేస్తారు కదా?" వేస్తానన్నాను. ఈ దేశపు సిటిజన్‌షిప్ వచ్చాక నా మొదటి ఓటు.
వాల్టర్ గారు వెళ్లాక మా ఆయన మురళి — "ట్యాక్స్ పెంచండి బాబూ అని మనమే ఓటెయ్యాలా? విడ్డూరం కాకపోతే."

మే 23
ఓటేశాను. కమ్యూనిటీ హాల్లో ఓ అట్టపెట్టె, పెన్సిల్. ఉత్తరాన ఎక్కడో అడవి తగలబడుతోంది, పొగ ఇక్కడిదాకా. మధ్యాహ్నమే ఆకాశం నారింజ రంగు... హాల్లో లైట్లు వేశారు. ఎవరూ మాట్లాడలేదు. నా తర్వాత మురళి తెర వెనక్కి వెళ్లాడు. చాలాసేపు రాలేదు.

మే 24
యెస్ ఓడిపోయింది. పెద్ద తేడాతో.

మే 30
పోస్టు డబ్బాల దగ్గర డొరతీ, చివరింటావిడ. "నేను యెస్ వేశాను. పాపం వాల్టర్." కొట్టు నడిపే దంపతులూ అదే మాట. కుక్కను తిప్పే ముసలాయనా అదే. అడక్కుండానే చెబుతున్నారు. మరి నో వేసిందెవరు?
మురళిని అడిగాను. "సీక్రెట్ బ్యాలెట్ అంటే ఏంటి మరి?" నవ్వాడు.

జూలై 18
వాల్టర్ గారి ఇల్లు పోయింది.
పొద్దున షెడ్డులోంచి పొగ. చూస్తుండగానే ఇంటికి అంటుకుంది. 911కి ఫోన్ నేనే చేశాను. పక్క టౌన్ ఫైర్ ట్రక్ వచ్చింది — వాళ్ల హద్దు బోర్డు దాకా. అక్కడే ఆగింది. సైరన్ ఆపేశారు, ఎర్రలైట్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. హెల్మెట్ల మనుషులు దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మీ ఒడ్డు మా పరిధి కాదు. లోపల మనుషులుంటేనే దాటగలం మేడమ్. ఆయన బయటే ఉన్నారు కదా."
బకెట్లతో, తోట పైపులతో కాసేపు... తర్వాత మేమూ చూస్తూ నిలబడ్డాం. నిన్నటి వాన వల్ల అడవికి అంటలేదు. అంతమందిమి — కలప పేలే చప్పుడు తప్ప ఒక్క గొంతూ లేదు. ఓటు రోజు హాల్లో కూడా ఇదే నిశ్శబ్దం.
వాల్టర్ గారు మంటల వైపు చూడలేదు. మా ముఖాలే చూశారు, ఒక్కొక్కటిగా.

జూలై 20
బట్టలు రెండుసార్లు ఉతికాను. పొగ వాసన పోదు.

ఆగస్టు 2
వాల్టర్ గారు కూతురింటికి వెళ్లిపోయారు. కారెక్కబోతూ నా చెయ్యి పట్టుకుని — "నో ఎవరు వేశారో తెలిసినా నాకు చెప్పకు. తెలిస్తే ఇక్కడికి మళ్లీ రాలేను."

సెప్టెంబర్ 14
మళ్లీ ఓటు పెట్టమని పిటిషన్. ఈసారి ఇల్లిల్లూ తిరిగేది నేనే. ప్రతి గుమ్మంలోనూ చిరునవ్వు. "యెస్, తప్పకుండా. పోయినసారీ అంతే కదా." కళ్లలోకి చూస్తూనే అంటున్నారు. సంతకాలు పెరిగేకొద్దీ ఎవరినీ నమ్మబుద్ధి కావడం లేదు. ఒక్కరు నో అన్నా బాగుండు — వాళ్లింట్లో కూర్చుని నిశ్చింతగా కాఫీ తాగేదాన్ని.
చివరికి మా ఇల్లు. మురళి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కాగితం ముందు పెట్టాను. చెయ్యి తుడుచుకుని సంతకం చేశాడు.
"నేనూ యెస్సే వేశాను," అన్నాడు తలెత్తకుండా.
నేను అడగనే లేదు.