ఫిల్ఫిలను ఎవరికి రాశానంటే

దయామయుడైన అల్లాహ్ పేరున.

కైరో నగరం, షుబ్రా పేటలో మూడో అంతస్తు కాపురస్తురాలిని, కాలం చేసిన దర్జీ అబ్దుల్ మౌజూద్‌గారి భార్యను, ఇన్షిరాహ్ అనే నేను ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఏమనగా: నా కళ్లకు పొరలు కమ్మాయి గానీ మతి చెడలేదు. పెళ్లినాటి మాటా గుర్తుంది, మొన్నటి మాటా గుర్తుంది. మొన్నటిది గుర్తుండకపోతే బాగుండేది.

1. నా ఆస్తిలో మూడింట రెండు వంతులు షరియత్ ప్రకారం నా ఒక్కగానొక్క కొడుకు షౌఖీవి. అది దేవుడి పంపకం, అందులో నేను వేలు పెట్టను. నా మాట చెల్లేది మిగిలిన మూడో వంతు మీదే.

2. వీధిలోకి తాడుతో దించి సరుకులు పైకి లాగే నా బుట్ట, కింద ఉప్పుచేపల కొట్టు నడిపే బిషాయ్‌కి చెందాలి. ముప్పై ఏళ్లుగా అతని చేపల కంపు నా పరుపుల దాకా ఎక్కుతోంది, నా తడిబట్టల నీళ్లు అతని నెత్తిన పడుతున్నాయి. మేం తిట్టుకోని రోజు లేదు. అయినా బుట్ట అతనికే.

3. ఫిల్ఫిల అనే నా పిల్లి సంగతి. అది నా గడప తొక్కిన రోజున ఒంటినిండా మచ్చలు చూసి పొయ్యిమసి అనుకున్నాను. సబ్బు పెట్టి తోమాను. మచ్చ పోలేదు, నా చెయ్యే గీరుకుపోయింది. మిరియాలు చల్లినట్టుందని ఫిల్ఫిల అన్నాను, మా భాషలో మిరియమని అర్థం. పచ్చి ఉసిరికాయ రంగు కళ్లు. ఇంటి అద్దె కట్టలేదేమోనని దిగులుపడుతున్నట్టు ఎప్పుడూ నొసలు ముడివేసుకునే ఉంటుంది. సంతోషమొస్తే తోక నిలబెట్టి వణికిస్తుంది.

లూలూ అనే షిరాజీ జాతి బొచ్చుపిల్లిని పెంచుకునే మా కోడలు షాహినాజ్ దీన్ని చూసినప్పుడల్లా ముక్కు మూసుకునేది. “అత్తయ్యా, ఇది నాటు పిల్లి, సందుల్లో తిరిగేది. మా లూలూకి దీని పేలు పట్టుకుంటే ఎవరిది పూచీ?” అనేది. రొట్టె నాటుదైతే లొట్టలేసుకుంటూ తింటాం, పిల్లి నాటుదైతే తన్నుతాం. మా ఊరి తీరే అంత.

4. పోయిన నెల ఫిల్ఫిల కనబడకుండా పోయింది. నేను తిండి మానేశాను. షౌఖీ వచ్చి పక్కన కూర్చున్నాడు. “పిల్లి అన్నాక తిరక్కుండా ఉంటుందా అమ్మా? దాని మనసు ఎక్కడ పడిందో! నువ్వు పస్తుంటే వస్తుందా?” అంటూ రొట్టె తుంచి నా నోట్లో పెట్టాడు. కొడుకంటే వీడని మురిసిపోయాను.

బిషాయ్ మాత్రం మధ్యాహ్నాలు కొట్టు కట్టేసి, చేపతలకాయలు పట్టుకుని సందు సందూ తిరిగాడు. ఒక పొద్దున ఆ బండ మనిషి మూడంతస్తులూ రొప్పుతూ ఎక్కొచ్చాడు. “హాజీ అమ్మా, తలుపు తియ్! నీ మిరియం మన సందు మొగలోనే కుంటుతూ దొరికింది. తర్వాత తీరిగ్గా ఏడుద్దువు, ముందు వేన్నీళ్లు పెట్టు!” అతని చొక్కా అంతా దాని నెత్తురే.

5. పశువుల డాక్టరు లుత్ఫీ వచ్చి గాయం చుట్టూ జుట్టు గొరిగాడు. మచ్చలు చర్మం మీదా ఉన్నాయి! “అమ్మా, ఇది అసలు సిసలు మావ్ జాతి. ఫరో రాజుల సమాధుల గోడల మీద దీని పోలికే ఉంటుంది. పరుగులో ఇంటి పిల్లులేవీ దీనికి సాటి రావు” అన్నాడు. “మావో గీవో, చేప తింటుందా లేదా?” అన్నాడు బిషాయ్.

కబురు విని షాహినాజ్‌తో వచ్చిన షౌఖీ ఉబ్బిపోయాడు. “నిజమే డాక్టరుగారూ! ఇంబాబా వంతెన అవతల వదిలితే నైలు దాటి ఇల్లు చేరిందంటే మాటలా!”

ఇంబాబా పేరు అంతవరకూ ఎవరి నోటా రాలేదు. షాహినాజ్ తల దించుకుంది. పొయ్యి మీద నీళ్లు పొంగి మంట ఆరిపోయింది. మా కోడలే తేరుకుని, “మీ తర్వాత దాన్ని మేమే చూసుకుంటాం అత్తయ్యా, లూలూ పరుపు మీదే పడుకుంటుంది” అంది.

ఇక్కడ రాసే చెయ్యి ఆగింది. ఆపకుండా రాయమన్నాను.

నా నోట్లో రొట్టె పెట్టిన చేతితోనే ఫిల్ఫిలను సంచిలో వేసి మూతి కట్టాడు.

6. కాబట్టి ఫిల్ఫిల బిషాయ్‌కి చెందాలి. దాని పాలకీ మందులకీ నా మూడో వంతు వాడాలి. ఉప్పుచేప పెట్టకూడదు, పచ్చిచేపే పెట్టాలి. బుట్ట ఇందుకే ఇస్తున్నాను, అందులో తప్ప దానికి నిద్ర పట్టదు. అమలు బాధ్యత డాక్టరు లుత్ఫీది.

7. జాతి పేరు రాసి డాక్టరు ఇచ్చిన చీటీ షౌఖీకీ షాహినాజ్‌కీ చెందాలి. వాళ్లు ఇష్టపడింది ఆ పేరునే. అద్దం కట్టించుకోవచ్చు.

8. నా కొడుకును నేను వదిలెయ్యలేదు. వంతెన అవతల పారేసినదే కుంటుకుంటూ ఇల్లు చేరింది. వాడికీ దారి తెలుసు. నేనున్నంతవరకు తలుపుకి గడియ పెట్టను.

ఇది మా అమ్మ మాట కాదని రేపు ఎవరూ అనకూడదనే, రాసే చెయ్యిని నేనే ఎంచుకున్నాను.

2016 ఏప్రిల్ 14, గురువారం, సాయంకాలపు అసర్ నమాజు తర్వాత.

ఇన్షిరాహ్ (వేలిముద్ర)

సాక్షులు: షేక్ దర్దీర్, మసీదులో అజాన్ పిలిచే ముఅజ్జిన్
హమ్మాద్, రొట్టెల బట్టీ యజమాని

దస్తూరి: పై మాటలన్నీ అమ్మ చెప్పగా, ఒక్కటీ వదలకుండా రాసినవాడు, ఆమె కొడుకు షౌఖీ.