డబ్బా ముందు మంచు

పోస్టుమాస్టరు గారికి,

రోడ్డు పక్కనున్న మా ఉత్తరాల డబ్బా ముందు మంచు తీసి బండికి దారి ఇవ్వకపోతే ఉత్తరాలు వేయబోమని మీరు పంపిన నోటీసు అందింది. మంచు తీయలేదు, తీయం కూడా. ఎందుకో చెబుతాను.

యుద్ధంలో తుంటి నుజ్జయిన మా ఆయన డ్వేన్‌కు మిలటరీ ఆసుపత్రి వాళ్లు నెలనెలా మత్తుండే నొప్పి మాత్రలు పోస్టులో పంపుతారు. నిరుడు చలికాలమంతా అవి మాకు చేరలేదు. పంపామనే అన్నారు వాళ్లు. పైగా మూత్ర పరీక్షలో ఆ మాత్రల ఆనవాలే లేదని అక్కడి డాక్టరమ్మ ఆయన మొహం మీదే అడిగింది: "మాత్రలు ఎవరికి అమ్ముకుంటున్నావయ్యా?" పతకం వచ్చిన మనిషి దొంగలా తల దించుకున్నాడు.

మా దారిలో ఉత్తరాలు వేసే మీ లోవెల్ మీద నాకు అనుమానం వచ్చింది. ఆ మాటంటే మా ఆయన నన్నే కసిరాడు: "నోర్ముయ్యవే! పాపం, ఈ మంచులో బండి ఎలా తోలుకొస్తున్నాడో చూడు." క్రిస్మస్‌కు వాడి కోసం నా చేత బిస్కెట్లు చేయించి ఆ ఉత్తరాల డబ్బాలోనే పెట్టించాడు.

ఇప్పుడు ఆ లోవెల్ బండి సీటు కింద మా ఆయన పేరున్న ఖాళీ పొట్లాలు నాలుగు దొరికాయి. "చింతిస్తున్నాం" అని మీరు ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

నిరుడు ఆ డబ్బా ముందు మంచు తీసిందెవరో తెలుసా? ఉత్తరాలు కూడా ఆగితే మందులు ఇక రానే రావని, మాత్రల్లేని నొప్పితో పళ్లు బిగబట్టి రోజూ పొద్దున్నే మా ఆయనే తీశాడు. ఆ దొంగ బండికి దారి చేశాడు.

ఈ నెల మాత్రలు మీరే నడిచొచ్చి ఆయన చేతికివ్వండి. పార మా గుమ్మం పక్కనే ఉంది.

డ్వేన్ భార్య