ఎదురు చెప్పే పని

ప్రియమైన వదినకు,

ఫోనులో నీ గొంతు వినబుద్ధి కాక మనవరాలి చేత రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను, తిట్లతో సహా.

మన ఆన్‌లైన్ అక్షరాల బడిలో పంతులమ్మ వారం వారం పనులు పంచుతుంది గదా. పాఠం మీద ఒకరు ప్రశ్న వేయాలి, ఒకరు ఎదురు చెప్పాలి, చివర ఒకరు అందరి మాటా కూడగట్టి ముగించాలి. నాలుగు వారాలుగా ముగింపు నీకే, ఎదురు నాకే! పల్లకి నీది, మోత నాదీనా?

మొన్న నీళ్ల పొదుపు పాఠానికి, "అంట్లు తోమేది నేను, పొదుపు నాకు నేర్పకండి" అని నేను గొంతు చించుకుంటే తెర మీద పదకొండు గడులూ కోళ్లగూడులా లేచాయి. నువ్వేమో తీరిగ్గా కళ్లజోడు సర్దుకుని, "అందరూ చక్కగా చెప్పారు" అన్నావు. చప్పట్లు నీకు!

వచ్చే వారం ముగింపు నాకు రాకపోతే బడి మానేస్తాను. పేరు రాయడం రాకుండానే పోతాను. ఆ పాపం నీదే.

నీ ఆడపడుచు
(వేలిముద్ర)

ప్రియమైన మా ఇంటి గయ్యాళికి,

కోడలు రాస్తోంది. నీ తిట్లు రెండుసార్లు చదివించుకున్నాను. పంతులమ్మనడిగాను. ఈ వారం ముగింపు నీది, ఎదురు నాది. మురిసిపో.

నీ వదిన

ప్రియమైన వదినకు,

ముగింపు చెప్పాలని తల నున్నగా దువ్వుకుని కూర్చున్నాను. ఎదురు చెప్పవే తల్లీ అంటే "అవునవును, నిజమే" అంటావా? ఆ తరువాత ఒక్కరూ నోరు విప్పలేదు. గడులన్నీ గోడకు కొట్టిన పటాలు! ఏం కూడగట్టను? "అందరూ చక్కగా ఊరుకున్నారు" అన్నాను. నవ్వారు. కావాలనే నా ముగింపు మంటగలిపావు.

నీ ఆడపడుచు
(వేలిముద్ర)

ప్రియమైన అమ్మాయికి,

కావాలని కాదు. నోరు పెగల్లేదు. మీ అన్నయ్యకు గానీ, అత్తయ్యకు గానీ నేను ఎదురు చెప్పి ఎరుగుదునా? నీకు ఆ పని ఇచ్చిన ప్రతి వారం కుళ్లుకున్నాను. నువ్వు ఒక్క మాటంటే పదకొండు మందికి మాటలొస్తాయి. అవి ఏరుకోవడమే నా ముగింపు. నువ్వు మానేస్తే నాకు ఏరుకునేందుకు ఏముంటుంది? బడి మానకు. ఎదురు చెప్పడం నాకూ నేర్పు.

నీ వదిన

పియమైన వదినకు,

ఇది నా చేతి రాత. మనవరాలు తాకలేదు. వతులు ఇంకా రావు.

నీ పాఠం ఇది: కాదు.

రోజూ పది సారులు అను. మొదట నా మీదే అను. ఏమీ అనుకోను.

అనుకుంటాను. అయినా అను.

నీ ఆడపడుచు