సముద్రం ఆడోళ్లకు కాదట

1993 జులై, శుక్రవారం రాత్రి

కోపంతోని నిద్ర పడుతలేదు. ఆర్మూరు మార్కెట్ల పసుపు సీజన్ అయిపోయింది, దుకాణంల పని లేదు, కారేసుకొని వైజాగ్ పోదమన్నది మా ఆయననే. వానలల్ల సముద్రం పక్కపొంటి భీమిలి దాక పోయి, అటెంక అరకు కొండలెక్కుదమని నేనంటె, ఇద్దరం కూసోని ఖాయం జేసినం. ఇయాల బువ్వ తినుకుంట, "దోస్తులు వస్తమంటున్నరు. వానలల్ల ఘాట్ రోడ్డు ఆడోళ్లకు కష్టం. నిన్ను మల్లొకపారి తోలుకపోత" అన్నడు. నా మొఖం గూడ చూడలేదు.

"అరకు పోదమన్నది ఎవలు? నేను గాదా?" అని అడిగిన. ఆయన బువ్వ కలుపుకుంటనే ఉన్నడు.

పప్పు వడ్డిస్తున్న అత్తమ్మ గిన్నె కింద పెట్టింది. "నేను గూడ సముద్రం చూడలేదురా. మీ నాయిన గిట్లనే మల్లొకపారి అనుకుంటనే సచ్చిపోయిండు. నేను, కోడలు ఎనుక సీట్ల కూసుంటం. జాగ మిగిలితే నీ దోస్తులను ఎక్కించుకో" అన్నది.

ఆయన లేసి చెయ్యి కడుక్కున్నడు.

"కొండల మీద సలి ఉంటదా?" అని అత్తమ్మ మెల్లగ అడిగింది. ఆమె శాలువ, నా చీరలు సంచిల పెట్టిన. ఆయన బట్టలు ఆయననే సర్దుకోనీ.