బోర్డుల వెనక దూలం

అక్టోబరు 12

కార్లను పైకెత్తే లిఫ్ట్ వచ్చింది. ఊళ్లో మూతపడ్డ సర్వీస్ స్టేషన్ నుంచి విప్పి తెచ్చుకున్నాను. వాళ్ల షెడ్డు మొత్తం ఊడ్చి ఖాళీ చేసి పెట్టినందుకు కూలీ కింద ఇచ్చారు. రెండు స్తంభాలు, నాలుగు చేతులు, మిగతాదంతా తుప్పు. నాకు మాత్రం పెళ్లికొడుకు గడపలో దిగినట్టే ఉంది. ఇన్నేళ్లూ ఇంకొకళ్ల షాపులో కార్ల కింద పడుకున్నాను. ఆ షాపూ మూసేశారు. ఇక నా గ్యారేజీలోనే రిపేర్లు. ఈ చలికాలం పని దొరికితే ఇల్లు నిలుస్తుంది, లేదంటే మంచు కరిగేలోగా అమ్మకం బోర్డు పెట్టాల్సిందే.

మామయ్య లిఫ్ట్ చూసి ఈల వేశాడు. వైనో, నా మొగుడు రూడీకి తండ్రి. రూడీ పోయాక కూడా రోజూ పొద్దున్నే నా వంటింట్లో కాఫీ ఆయనకు. నేను రావద్దనను, ఆయన మానడు. ఈ గ్యారేజీ కట్టింది ఆ తండ్రీకొడుకులే. ఇంత పొడుగు మొగాణ్ణి ఈ పొట్టి కొంపలో ఎక్కడ నిలబెడతావే అమ్మాయ్ అని ఒకటే నవ్వు.

అక్టోబరు 20

పొట్టిదే. కారు నా నడుం దాకా లేచేసరికి దాని నెత్తి కప్పు కింది అడ్డకర్రలకు తగిలింది. అంటే మళ్లీ మోకాళ్ల మీదే పని. మోకాళ్లు ఎప్పుడో పోయాయి.

ఆ కర్రలు కోస్తే ఏమవుతుందని మామయ్యను అడిగాను. కాఫీ కప్పు కింద పెట్టాడు. అవి అలంకారానికి పెట్టాననుకున్నావా, రెండు గోడల్నీ లాగి పట్టుకున్నవి అవే, కోస్తే మంచు బరువుకి గోడలు బయటికి కాళ్లు జాపుతాయి, కప్పొచ్చి నీ ఒళ్లో కూర్చుంటుంది అన్నాడు. అంతగా కావాలంటే ముందు కప్పు నడినెత్తి కింద ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద దూలం వెయ్యి, తర్వాతే రంపం ముట్టుకో అన్నాడు.

దూలం ధర కనుక్కున్నాను. చప్పుడు చెయ్యకుండా ఫోన్ పెట్టేశాను.

అక్టోబరు 29

వీడియోలో ఒకాయన అరపూటలో కోసేసి, పైన చిన్న కర్రలు నాలుగు కొట్టి, చేతులు దులుపుకున్నాడు. దూలం గీలం ఏమీ లేదు. ఆయన గ్యారేజీ వెనక తాటిచెట్లు కనిపించాయి, మంచు పడని ఊరు. కనిపించనట్టే ఊరుకున్నాను.

నవంబరు 16

మామయ్య జింకల వేటకు క్యాంపుకి వెళ్లాడు. ఊళ్లో మగాళ్లంతా అడవిలోనే. ఇంతకంటే మంచి అదను దొరకదు.

కోశాను. లిఫ్ట్ పైనున్న నాలుగింటినీ. మొదటి మూడూ బుద్ధిగా తెగాయి. నాలుగోది సగం కోసేసరికి దానంతటదే టప్పున విడిపోయి, కోసిన చోట నోరు తెరిచింది. రంపం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తర్వాత పైన చిన్న కర్రలు కొట్టాను. వెండి రంగు ఫోమ్ బోర్డులు మిగిలినవి ఉంటే వాటితో అన్నీ మూసేశాను. వెచ్చగా ఉంది. చూడ్డానికీ బాగుంది.

నవంబరు 25

మామయ్య వచ్చాడు. తలెత్తి చాలాసేపు చూశాడు. దూలం వేశావా అన్నాడు. వేశాను, బోర్డుల వెనక ఉంది అన్నాను.

ఎంత సులువుగా వచ్చేసిందో నోట్లోంచి. ఒక్కదానివీ ఎట్లా ఎత్తావే అన్నాడు. చర్చి వాళ్లు సాయం వచ్చారన్నాను. బోర్డు విప్పి చూపించమంటాడనుకున్నాను. అడగలేదు. మా వాడు ఉంటే మురిసిపోయేవాడు అని కళ్లు తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది.

డిసెంబరు 10

పని బాగుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లి కార్లకు తుప్పు పట్టిస్తున్నంత కాలం నాకు తిండికి లోటు లేదు. బ్రేకు పైపులు, సైలెన్సర్లు, అడుగు చిల్లులు. నిలబడి పనిచేస్తున్నాను! మామయ్య మూల స్టూలు మీద కూర్చుని, మాంసం కూరిన పాస్టీ రొట్టె తింటూ, వచ్చినవాళ్లందరికీ నా గొప్పలు చెబుతున్నాడు. దూలం గురించి కూడా.

డిసెంబరు 21

పెద్ద సరస్సు మీది నుంచి మంచు మొదలైంది.

జనవరి 6

షట్టర్ సగంలో పట్టేస్తోంది. చలికి అంతే. పట్టాలు కాస్త వదులు చేశాను.

జనవరి 15

పక్క తలుపు పడటం లేదు. అంచు చిత్రిక పట్టాను, పడింది. ఇవాళ మళ్లీ పడటం లేదు. చిత్రిక పట్టడానికి తలుపు ఎంతని మిగులుతుంది?

జనవరి 22

ఎందుకో తోచి, ఈ గోడకూ ఆ గోడకూ మధ్య దారం బిగుతుగా కట్టి పడుకున్నాను. పొద్దున్న చూస్తే తెగి వేలాడుతోంది. పిల్లి అయ్యుంటుంది.

నాకు పిల్లి లేదు.

ఫిబ్రవరి 2

చేతికి వచ్చిందంతా ఊడ్చి దూలం ఆర్డరు పెట్టాను. మార్చి మొదట్లో వస్తుందట. వచ్చాక ఎవరో ఒకరిని పిలిచి, మామయ్య లేనప్పుడు ఎక్కించేస్తే, నేను చెప్పింది నిజమైపోతుంది. అప్పటిదాకా ఆగితే చాలు. కప్పును అడుగుతున్నాను, ఆగమ్మా అని. కార్లు తీసుకోవడం ఆపలేదు. ఆపితే ఎందుకని ఆయన అడుగుతాడు.

ఫిబ్రవరి 17

శనివారం సౌనా, ఆవిరి గదిలో స్నానాలు. మామయ్య ఒళ్లు తుడుచుకుంటూ, రోడ్డు మీంచి చూస్తే మన గ్యారేజీ నడుం వంగినట్టుందే, నాకే అట్లా కనబడుతోందా అన్నాడు. నీ కళ్లే మామయ్యా అన్నాను.

కళ్లజోడు మార్పించుకుంటానన్నాడు.

ఫిబ్రవరి 24

తెరిపి లేకుండా కురుస్తోంది. పొడుగు పారతో కింద నుంచి లాగితే అంచుల మీది మంచే వస్తోంది, నడిమిది అలాగే ఉంది. రేపు మధ్యాహ్నం దాని మీద వాన అట. మంచు వాన తాగితే ఎంత బరువెక్కుతుందో ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. లోపలికి వెళ్లి నిలబడ్డాను. పైన ఎక్కడో మేకులు కిర్రుమంటున్నాయి. బోర్డుకూ గోడకూ మధ్య నా చెయ్యి దూరేంత సందు.

సాయంత్రం మామయ్య ఫోన్ చేశాడు. పొద్దున్నే వచ్చి కప్పు మీది మంచు తోసేస్తాడట. వద్దు, నేను చూసుకుంటానన్నాను. నీకు కప్పు మీద నడవడం చాతకాదు, నేను కట్టిన కప్పు నాకు తెలీదా, పైగా దూలం కూడా ఉందాయె, గుర్రాన్నెక్కించినా కదలదు అన్నాడు. చెప్పెయ్యాలని నోరు తెరిచాను. జాగ్రత్త అన్నాను.

రేపు చెప్పేస్తాను. ముందు వంటింట్లో కూర్చోబెట్టి, మొహం మీదే చెప్పేస్తాను. కాఫీ పడందే ఆయన ఏ పనీ మొదలుపెట్టడు.

ఫిబ్రవరి 28

కాఫీ తాగకుండానే మొదలుపెట్టాడు.

వాన ముందే వచ్చేట్టుందని చీకటితో వచ్చుంటాడు. నేను పడుకుని ఉంటానని, లేపడం ఎందుకనుకున్నాడో ఏమో, తలుపు కూడా తట్టలేదు. నేను లేచే ఉన్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో అనుకుంటూ కాఫీ పొడి కొలుస్తున్నాను. పెద్ద చప్పుడేమీ కాదు. ఎవరో దీర్ఘంగా నిట్టూర్చినట్టు. కిటికీలోంచి చూస్తే గ్యారేజీ రెండు గోడలూ అటొకటీ ఇటొకటీ వాలి ఉన్నాయి. మధ్యలో కప్పు లేదు. అంచుకు ఆనించిన నిచ్చెన పెరట్లో పడి ఉంది.

చేతులతోనే తవ్వాను. మామయ్యా మామయ్యా అని అరుస్తూ తవ్వాను. లిఫ్ట్ స్తంభాల మీద విరిగిన కర్రలు కొన్ని ఆగాయి కాబట్టి కింద ఆయనకు ఊపిరాడింది. తుంటి విరిగింది, వెన్నులో ఏదో నలిగింది. నడుస్తాడో లేదో డాక్టరు చెప్పడం లేదు.

ఆయనకింకా మెలకువ రాలేదు. వస్తే మొదట ఏమి అడుగుతాడో నాకు తెలుసు.

మార్చి 5

దూలం వచ్చింది. ఎక్కడ దింపమంటారని లారీ అతను అడిగాడు.

మార్చి 9

మామయ్యకు మెలకువ వచ్చింది. ఏమీ అడగలేదు. దూలం మంచిదేనమ్మా, మా కోడలు వేసింది, నేనే ముసలి వెధవని, కాలు ఎక్కడో తప్పు చోట పెట్టి పిల్ల బతుకుతెరువు కూలగొట్టాను అని నర్సుతో చెప్పుకుని ఏడుస్తున్నాడు.

నేను దుప్పటి సర్దాను.