పాట రాసినవాణ్ణి అడగలేదు

హైదరాబాద్,
20-11-2003

ప్రియమైన శ్రీవారికి,

మీరు, అత్తయ్య కులాసా అని తలుస్తాను. కొట్టుకి ఫోన్ చేస్తే నలుగురి మధ్య "ఊఁ, సరే" తప్ప మాట్లాడరు. అందుకే ఉత్తరం.

మా కోర్సులో ఒక డాక్యుమెంటరీ తీయాలి. నేను రీమిక్స్ గురించి తీస్తున్నాను. తిరనాళ్ల కోసం సినిమా ట్యూను తీసుకుని, అమ్మవారి మీద మాటలు కట్టి, జగ్గయ్యపేటలో మన కొట్లో క్యాసెట్లు చేస్తారు కదా, అదే నా కథ. పోయిన గురువారం వచ్చి షూటింగ్ చేసుకెళ్లాను. మీరు లేరు. 'గడప దాటి రావమ్మ' పాట గురించి కీబోర్డు బుల్లిబాబు, అత్తయ్య మాట్లాడారు. పెనుగంచిప్రోలు తిరనాళ్ల మైకుల్లో అదే మోగుతుందట.

మేం తీసే సినిమాలో చెప్పే ప్రతి సంగతీ ప్రైమరీనో సెకండరీనో రాయాలి. చేసినవాళ్లే చెబితే ప్రైమరీ. వాళ్ల గురించి ఇంకొకరు చెబితే సెకండరీ. ఆ పాట ఏ ఏడు రికార్డు చేశారో రాయండి, చాలు.

ఇక్కడ చలి మొదలైంది. హాస్టల్ గదిలో నేనొక్కదాన్నే ఉంటున్నాను.

మీ చందన

జగ్గయ్యపేట,
28-11-2003

ప్రియమైన చందూ,

పోయినేడు రికార్డు చేశాం. నీకు కావలసింది అదేగా.

గురువారాలు నేను ఖాళీ క్యాసెట్లు కొనడానికి విజయవాడ వెళ్తానని నీకు తెలుసు. పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నావు. ఆ సాయంత్రం కంచికచర్ల దగ్గర బస్సు ఆగిపోయి, కొట్టుకొచ్చేసరికి పొద్దుపోయింది. "వదిన వచ్చి వెళ్లిందన్నా" అని బుల్లిబాబు చెప్పాడు. నువ్వు తాగిన టీ గ్లాసు కౌంటర్ మీదే ఉంది. కడగబుద్ధి కాలేదు.

అందరినీ అడిగావు. పాట రాసినవాణ్ణి మాత్రం అడగలేదు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో ఇద్దరం ఉన్నా మాట్లాడేది టీవీ ఒక్కటే.

గిరీష్

హైదరాబాద్,
4-1-2004

ప్రియమైన మీకు,

జవాబు రాయడానికి చేతులు రాలేదు. గురువారమని తెలిసే వచ్చాను. మీరు ఎదురుపడితే కెమెరా పట్టుకోలేనని భయం.

నిన్న క్లాసులో మా కమలాకుమారి మేడమ్ నా సినిమా చూశారు. "మావాడు భక్తితో రాశాడు" అని అత్తయ్య అన్నచోట నేను ప్రైమరీ అని రాశాను. ఎదురుగా కూర్చుని నేనే విన్నాను కదా అనుకున్నాను. మేడమ్ ఆపేసి, "ఆవిడ సంగతి ఆవిడ చెబితే ప్రైమరీ. కొడుకు మనసులో సంగతి ఆవిడ చెబితే సెకండరీయేనమ్మా. ఆయన ఉన్నాడా?" అన్నారు. ఉన్నారన్నాను. "మరి అడగవేం?"

క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ల కిందట నేనిక్కడ చేరిన కొత్తలో అత్తయ్య ఫోన్ చేసి, "వస్తే రానీ, లేకపోతే లేదన్నాడమ్మా" అని చెప్పారు. ఆ మాట పట్టుకుని సెలవులకి కూడా రాలేదు. మిమ్మల్ని అడగనూ లేదు.

ఇప్పుడు అడుగుతున్నా. ఆ మాట అన్నారా? ఆ పాట ఎవరి కోసం రాశారు?

మీ చందన

జగ్గయ్యపేట,
9-1-2004

ప్రియమైన చందూ,

రీమిక్స్ నాకొక్కడికే కాదు, అమ్మకీ వచ్చు. అప్పట్లో నీ చదువు మాన్పించి తీసుకొస్తానని బయల్దేరింది. "చదువయ్యాక తనే వస్తే రానీ, లేకపోతే నేనెళ్లి తీసుకొస్తా. మధ్యలో మాన్పించే పని లేదు" అన్నాను. అందులోంచి తనకి కావలసిన ముక్కలు అతికించి నీకు వినిపించింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోకు, కోడలు ఇంట్లో ఉండాలని ఆవిడ ఆశ. నువ్వు రాకపోతే నేనంటే ఇష్టం లేదనుకున్నా. నేనూ అడగలేదు.

ఇక పాట సంగతి. నువ్వు వెళ్లిన ఏడాది, కొట్లో ఒక్కణ్ణే కూర్చుని రాసుకున్నాను. మొదట ఇలా ఉండేది:

గడప దాటి పోయావే చందనా
దీపమెట్టే చెయ్యేదే చందనా

బుల్లిబాబు కంటపడింది. "బాగుందన్నా, తిరనాళ్లకి పనికొస్తది" అన్నాడు. సిగ్గేసి నీ పేరు కొట్టేశాను. 'పోయావే' తీసి 'రావమ్మ' పెట్టాను, 'చెయ్యేదే'ని 'చెయ్యిదే' చేశాను, 'చందనా' ఉన్నచోట 'చల్లంగా' పెట్టాను. ఇప్పుడు ఊళ్లన్నీ ఆ పాటతో అమ్మవారిని పిలుచుకుంటున్నాయి. మైకులో విన్నప్పుడల్లా నాకు నీ పేరే వినపడుతుంది. అప్పుడు కొట్టు షట్టరు సగం దించేసి కూర్చుంటాను.

ఇది నేనే చెబుతున్నాను కాబట్టి ప్రైమరీ అని రాసుకోవచ్చు. సినిమాలో పెడతావో లేదో నీ ఇష్టం.

ఇకమీదట గురువారాలు విజయవాడ వెళ్లను. కొట్లోనే ఉంటాను.

నీ గిరీష్